భాగం 9: జావాస్క్రిప్ట్ బిల్డ్ దోషాలను కోడ్ ఎడిటర్‌లో చూపించడం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 దోష సందేశంలోని అంశాలు
9.3 ఎడిటర్ సందేశాన్ని చదివే పద్ధతులు
9.4 లాంగ్వేజ్ సర్వర్ మార్గం
9.5 దోషాల జాబితా ఖాళీగా ఉండే సందర్భాలు
9.6 దోషం వేరే చోట కనిపించే సందర్భాలు
9.7 అమరికను సరిచూసే విధానం
9.8 సారాంశం
9.9 పదకోశం
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• బిల్డ్ పరికరం ఇచ్చే దోష సందేశంలో ఏయే అంశాలుంటాయో గుర్తించగలుగుతారు.
• ఆ సందేశాన్ని ఎడిటర్ ఎలా చదివి, ఫైలులోని లైనుకు ఎలా జతచేస్తుందో వివరించగలుగుతారు.
• బిల్డ్ మార్గానికీ, లాంగ్వేజ్ సర్వర్ మార్గానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• దోషాల జాబితా ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని ఎంతవరకు నమ్మాలో నిర్ణయించుకోగలుగుతారు.

గమనిక: ఈ భాగంలో కమాండ్లు, ఫైలు పేర్లు, దోష సందేశాలు తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటర్‌పై అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.

9.1 పరిచయం

జావాస్క్రిప్ట్ ప్రోగ్రామును బ్రౌజర్‌కు సిద్ధం చేసే పరికరాలను బిల్డ్ పరికరాలు అంటాం. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ విలువల రకాలను సరిచూసి, జావాస్క్రిప్ట్ ఫైళ్లను తయారుచేస్తుంది. ఈఎస్‌లింట్ కోడ్ రాసిన తీరులోని లోపాలను ఎత్తిచూపుతుంది. వెబ్‌ప్యాక్, ఈఎస్‌బిల్డ్, వీట్ వంటివి విడివిడి ఫైళ్లను కలిపి ఒక కట్టగా అందిస్తాయి. మామూలుగా ఇవన్నీ తమ దోషాలను టెర్మినల్‌లో రాస్తాయి. మనం కోడ్ రాసేది మాత్రం ఎడిటర్‌లో. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ భాగం విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కరెంటు బిల్లు లెక్కించే ఒక వెబ్ పేజీ ఉందనుకోండి. వాడుక ఛార్జీ 100 రూపాయలు, స్థిర ఛార్జీ 50 రూపాయలు. వాడుక ఛార్జీని వినియోగదారు పేజీలోని ఒక పెట్టెలో టైపు చేస్తాడు. అలా వచ్చిన విలువ జావాస్క్రిప్ట్ దృష్టిలో సంఖ్య కాదు, స్ట్రింగ్. స్ట్రింగ్‌కు సంఖ్యను కూడితే జావాస్క్రిప్ట్ రెండింటినీ పక్కపక్కన అతికిస్తుంది. అందువల్ల 150 రావలసిన చోట 10050 వస్తుంది.

మొత్తం సంఖ్యగానే ఉండాలని ప్రోగ్రాములో ముందే ప్రకటించి ఉంటే, టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఈ దోషాన్ని పట్టుకుని టెర్మినల్‌లో ఒక లైను రాస్తుంది. ఆ తరవాత వచ్చే మరో యాభై లైన్ల కింద అది పైకి వెళ్లిపోవచ్చు. చూసినా, ఫైలు పేరు, లైను సంఖ్య గుర్తుపెట్టుకుని ఎడిటర్‌లోకి వచ్చి, ఆ ఫైలు తెరిచి, ఆ లైను వెతకాలి. ఈ పనిని ఎడిటర్‌కే అప్పగిస్తే, దోషమున్న మాట కింద ఎర్రటి అలల గీత వస్తుంది. దోషాలన్నీ ఒకచోట జాబితాగా కనిపిస్తాయి. నొక్కగానే ఆ చోటికి వెళ్లవచ్చు.

అయితే ఒక విషయాన్ని మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి. బిల్డ్ మార్గంలో ఎడిటర్ దోషాన్ని అర్థం చేసుకోదు. వేరే పరికరం రాసిన వాక్యాన్ని ఒక నమూనాతో పోల్చి చదువుతుంది, అంతే. వాక్యం నమూనాకు సరిపోతే దోషం కనిపిస్తుంది; సరిపోకపోతే ఏమీ కనిపించదు. కాబట్టి ఖాళీ జాబితాకు రెండు అర్థాలుంటాయి: దోషాలు లేకపోవడం ఒకటి, ఉన్న దోషాలను ఎవరూ చదవకపోవడం రెండోది. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం నేర్చుకోవడమే ఈ భాగంలో ముఖ్యమైన పని.

9.2 దోష సందేశంలోని అంశాలు

మన బిల్లు ప్రోగ్రాములో 12వ లైనులో దోషం ఉంటే, టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఇలా రాస్తుంది:

ఎస్‌ఆర్‌సి/బిల్.టిఎస్(12,7): ఎర్రర్ టిఎస్2322: టైప్ 'స్ట్రింగ్' ఈజ్ నాట్ అసైనబుల్ టు టైప్ 'నంబర్'.

ఈ ఒక్క లైనులో ఆరు అంశాలున్నాయి.

1. ఫైలు: ఎస్‌ఆర్‌సి ఫోల్డర్‌లోని బిల్.టిఎస్.
2. లైను సంఖ్య: 12.
3. కాలమ్ సంఖ్య: 7. అంటే ఆ లైనులో ఏడో స్థానం.
4. తీవ్రత: ఎర్రర్. కొన్ని పరికరాలు ఇక్కడ వార్నింగ్ అని కూడా రాస్తాయి.
5. దోష సంకేతం: టిఎస్2322. దీనితో వెతికితే ఆ రకం దోషానికి వివరణ దొరుకుతుంది.
6. సందేశం: స్ట్రింగ్ రకం విలువను నంబర్ రకం ఉన్న చోట పెట్టడం కుదరదని చెప్పే వాక్యం.

ఎడిటర్‌కు తప్పనిసరిగా కావలసినవి ఫైలు, లైను, సందేశం. కాలమ్ ఉంటే గీత సరైన మాట కిందికి వస్తుంది. తీవ్రత ఉంటే ఎరుపు, పసుపు రంగుల తేడా తెలుస్తుంది.

అన్ని పరికరాలూ ఈ అంశాలను ఒకే క్రమంలో రాయవు. ఇదే కంపైలర్, మనిషి చదువుకోవడానికి వీలైన ప్రెటీ రూపంలో రాసినప్పుడు కుండలీకరణాలు తీసేసి, ఫైలు పేరు తరవాత కోలన్, 12, కోలన్, 7 అని రాసి, చిన్న గీత తరవాత ఎర్రర్ అంటుంది. దాని కింద ఆ కోడ్ లైనును కూడా చూపిస్తుంది. సమాచారం ఒకటే, రూపం వేరు. మనిషికి ఈ తేడా పెద్దది కాదు. నమూనాతో పోల్చే ఎడిటర్‌కు మాత్రం ఒక కోలన్ మారినా వాక్యం గుర్తుపట్టరానిదైపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

గమనిక: మీ సమాధానాలను 9.10లో ఇచ్చిన జవాబులతో పోల్చి చూసుకోండి.

అ) దోషాన్ని ఫైలులోని ఒక చోటుకు జతచేయడానికి ఎడిటర్‌కు తప్పనిసరిగా కావలసిన అంశాలేవి?
ఆ) 100 అనే స్ట్రింగ్‌కు 50 అనే సంఖ్యను కూడితే జావాస్క్రిప్ట్‌లో ఏం వస్తుంది? ఎందుకు?

9.3 ఎడిటర్ సందేశాన్ని చదివే పద్ధతులు

9.3.1 విమ్‌లో క్విక్‌ఫిక్స్

దోష సందేశాలను చదివి ఎడిటర్‌లో చూపించే ఆలోచన జావాస్క్రిప్ట్ బిల్డ్ పరికరాల కంటే పాతది. విమ్ ఎడిటర్‌లో దీన్ని క్విక్‌ఫిక్స్ అంటారు. అమీగా కంప్యూటర్‌పై పనిచేసిన మాంక్స్ సంస్థ వారి అజ్‌టెక్ సి కంపైలర్ నుంచి ఈ ఆలోచన తీసుకున్నట్లు విమ్ సహాయ పత్రాలే చెబుతాయి. ఈమ్యాక్స్‌లోనూ కంపైల్ కమాండుతో ఇదే పని జరుగుతుంది.

విమ్‌లో రెండు అమరికలు ముఖ్యం. మేక్‌పీఆర్‌జీ అనే అమరిక ఏ పరికరాన్ని నడపాలో చెబుతుంది. ఎర్రర్‌ఫార్మాట్ అనే అమరిక ఆ పరికరం రాసే వాక్యం ఎలా ఉంటుందో చెబుతుంది. ఈ రెండో అమరికలో శాతం గుర్తు తరవాత ఎఫ్ ఉంటే ఫైలు, ఎల్ ఉంటే లైను, సి ఉంటే కాలమ్, ఎం ఉంటే సందేశం అని అర్థం. మేక్ కమాండు ఇవ్వగానే విమ్ పరికరాన్ని నడిపి, వచ్చిన ప్రతి లైనును ఈ నమూనాతో పోలుస్తుంది. సీఓపెన్ కమాండుతో జాబితా తెరవవచ్చు. సీనెక్స్ట్ కమాండుతో ఒక దోషం నుంచి తరవాతి దోషానికి వెళ్లవచ్చు.

9.3.2 విఎస్ కోడ్‌లో ప్రాబ్లమ్ మ్యాచర్

మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో విడుదల చేసిన విఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇదే ఆలోచన ప్రాబ్లమ్ మ్యాచర్ అనే పేరుతో ఉంది. ప్రాజెక్టులోని డాట్ విఎస్‌కోడ్ అనే ఫోల్డర్‌లో టాస్క్స్.జేసన్ అనే ఫైలు ఉంటుంది. ఏ కమాండు నడపాలి, దాని సందేశాలను ఏ మ్యాచర్‌తో చదవాలి అన్న రెండు విషయాలూ అందులోనే రాస్తాం. కంట్రోల్, షిఫ్ట్, బి కీలు కలిపి నొక్కితే బిల్డ్ నడుస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎం కీలతో ప్రాబ్లమ్స్ అనే జాబితా తెరుచుకుంటుంది. ఎఫ్8 కీ తరవాతి దోషం దగ్గరికి తీసుకెళుతుంది.

తరచుగా వాడే పరికరాలకు మ్యాచర్లు ముందే సిద్ధంగా ఉన్నాయి. వాటి పేర్లు డాలర్ గుర్తుతో మొదలవుతాయి. టైప్‌స్క్రిప్ట్‌కు డాలర్ టిఎస్‌సి, ఈఎస్‌లింట్‌కు డాలర్ ఈఎస్‌లింట్-స్టైలిష్, డాలర్ ఈఎస్‌లింట్-కాంపాక్ట్ అనేవి ఉన్నాయి. డాలర్ టిఎస్‌సి మ్యాచర్ పైన చెప్పిన రెండు రూపాలనూ చదవగలదు.

సిద్ధంగా లేని పరికరానికి మ్యాచర్‌ను మనమే రాసుకోవచ్చు. అందులో ముఖ్యంగా ఇవి ఉంటాయి:

• ఓనర్: ఈ దోషాలు ఎవరి పేరున నమోదు కావాలో చెప్పే పేరు.
• ఫైల్‌లొకేషన్: సందేశంలోని ఫైలు దారి పూర్తిదా, లేక ఏదైనా ఫోల్డర్‌తో మొదలుపెట్టి లెక్కించాలా అన్నది.
• ప్యాటర్న్: వాక్యాన్ని విడగొట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, దానిలో ఎన్నో ముక్క ఫైలు, ఎన్నోది లైను, ఎన్నోది కాలమ్, ఎన్నోది సందేశం అన్న వివరం.

9.3.3 ఒకటి కంటే ఎక్కువ లైన్లలో వచ్చే సందేశాలు

ఈఎస్‌లింట్ మామూలుగా వాడే స్టైలిష్ రూపంలో ఫైలు పేరు ఒక్కసారే వస్తుంది. దాని కింద దోషాలు వరసగా ఉంటాయి:

/హోమ్/కరెంటు/ఎస్‌ఆర్‌సి/బిల్.జెఎస్
  4:7  ఎర్రర్  'రేట్' ఈజ్ అసైన్డ్ ఎ వాల్యూ బట్ నెవర్ యూజ్డ్  నో-అన్‌యూజ్డ్-వార్స్
  18:3  వార్నింగ్  అన్‌ఎక్స్‌పెక్టెడ్ కన్సోల్ స్టేట్‌మెంట్  నో-కన్సోల్

రెండో లైనును మాత్రమే చూస్తే అది ఏ ఫైలుకు చెందినదో తెలియదు. అందుకే మ్యాచర్‌లో రెండు నమూనాలు వరసగా రాయాలి. మొదటిది ఫైలు పేరును పట్టుకుంటుంది. రెండోది ఒక్కొక్క దోషాన్ని పట్టుకుంటుంది. రెండో నమూనాకు లూప్ అనే గుర్తు పెడితే, కొత్త ఫైలు పేరు వచ్చేవరకు దాన్నే తిరిగి తిరిగి ప్రయోగించాలని ఎడిటర్‌కు తెలుస్తుంది. లూప్ పెట్టకపోతే ప్రతి ఫైలులో మొదటి దోషమే జాబితాకు ఎక్కుతుంది. జాబితా ఖాళీగా లేదు కాబట్టి అంతా సరిగ్గానే ఉందని అనిపిస్తుంది. నిజానికి మిగిలిన దోషాలు జారిపోయాయి.

ఈఎస్‌బిల్డ్ రాసే క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు సందేశం, ఆ తరవాతి లైన్లలో ఫైలు, లైను, కాలమ్ వస్తాయి. ఒక పరికరానికి రాసిన మ్యాచర్ మరో పరికరానికి ఎందుకు పనికిరాదో దీనివల్ల అర్థమవుతుంది.

9.3.4 ఆగకుండా నడిచే బిల్డ్

వాచ్ రూపంలో నడిపినప్పుడు బిల్డ్ పరికరం ముగియదు. ఫైలు మారిన ప్రతిసారీ మళ్లీ పని మొదలుపెడుతుంది. పాత దోషాలను ఎప్పుడు చెరపాలి, కొత్త జాబితా ఎప్పుడు పూర్తయింది అన్నది ఎడిటర్‌కు తెలియాలి. అందుకు మ్యాచర్‌లో ప్రారంభ నమూనా, ముగింపు నమూనా అని మరో రెండు ఇస్తాం. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఫైలు మారగానే మళ్లీ కంపైల్ చేస్తున్నానని ఒక లైను, పని ముగిశాక ఎన్ని దోషాలు దొరికాయో చెబుతూ మరో లైను రాస్తుంది. డాలర్ టిఎస్‌సి-వాచ్ మ్యాచర్ ఈ రెండు లైన్లనూ ఆనవాళ్లుగా తీసుకుంటుంది. ఈ ఆనవాళ్లు దొరకకపోతే సరిదిద్దిన దోషం జాబితాలో అలాగే మిగిలిపోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) స్టైలిష్ రూపాన్ని చదవడానికి రెండు నమూనాలు ఎందుకు కావాలి?
ఆ) వాచ్ రూపంలో ప్రారంభ, ముగింపు నమూనాల ప్రయోజనం ఏమిటి?

9.4 లాంగ్వేజ్ సర్వర్ మార్గం

ఇప్పటివరకు చూసిన పద్ధతిలో బిల్డ్ నడిపిన తరవాతే దోషాలు తెలుస్తాయి. మీరు టైపు చేస్తుండగానే ఎర్ర గీత రావడం చూసే ఉంటారు. అది మరో మార్గంలో వస్తుంది. ఎడిటర్ పక్కనే మరో ప్రోగ్రాము నడుస్తూ, తెరిచిన ఫైలును చదివి, దోషాలను నేరుగా ఎడిటర్‌కు పంపుతుంది. ఈ ప్రోగ్రామును లాంగ్వేజ్ సర్వర్ అంటారు.

ఎడిటర్, సర్వర్ మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి ఒప్పందంగా లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు ప్రకటించాయి. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడిగా జోడింపు రాయవలసి వచ్చేది. 5 ఎడిటర్లు, 6 భాషలు ఉంటే 30 జోడింపులు కావాలి. ఒప్పందం ఉంటే ఎడిటర్ల వైపు 5, భాషల వైపు 6, మొత్తం 11 చాలు.

ఈ ప్రోటోకాల్‌లో దోషం ఒక వాక్యంగా కాక, విడివిడి గడులున్న పత్రంలా వెళుతుంది. మొదలు, చివర ఉన్న పరిధి ఒక గడి. తీవ్రత మరో గడి. దోష సంకేతం, పరికరం పేరు, సందేశం మిగిలినవి. తీవ్రతకు 1 అంటే ఎర్రర్, 2 అంటే వార్నింగ్, 3 అంటే సమాచారం, 4 అంటే సూచన. నమూనాతో పోల్చే పనే లేదు కాబట్టి కోలన్ మారినందువల్ల దోషం జారిపోదు.

మరి ఈ మార్గం ఉండగా బిల్డ్ మార్గం ఎందుకు? విఎస్ కోడ్‌లోని టైప్‌స్క్రిప్ట్ సేవ మామూలు అమరికలో తెరిచి ఉన్న ఫైళ్ల దోషాలనే చూపిస్తుంది. మీరు ఒక ఫైలులో ఫంక్షన్ రూపం మార్చినప్పుడు, దాన్ని వాడుకునే మరో ఫైలు తెరిచి లేకపోతే అందులో పుట్టిన దోషం మీకు కనిపించదు. మొత్తం ప్రాజెక్టును కంపైల్ చేసినప్పుడే అది బయటపడుతుంది. రాస్తున్న ఫైలు కోసం లాంగ్వేజ్ సర్వర్, మొత్తం ప్రాజెక్టు కోసం బిల్డ్, రెండూ అవసరమే.

9.5 దోషాల జాబితా ఖాళీగా ఉండే సందర్భాలు

దోషాలున్నా జాబితా ఖాళీగా ఉండే సందర్భాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, సందేశ రూపం మారిపోవడం. 2024లో వచ్చిన ఈఎస్‌లింట్ 9లో కాంపాక్ట్ రూపాన్ని ముఖ్య ప్యాకేజీ నుంచి తీసేశారు. అది కావాలంటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఒక ప్రాజెక్టులో కాంపాక్ట్ రూపమూ, డాలర్ ఈఎస్‌లింట్-కాంపాక్ట్ మ్యాచరూ పెట్టుకుని ఉన్నారనుకోండి. కొత్త వెర్షన్‌కు మారిన రోజున ఈఎస్‌లింట్ దోషాలను చూపకుండానే, ఆ రూపం ఇక లేదని టెర్మినల్‌లో చెప్పి ఆగిపోతుంది. ఆ వాక్యంలో లైను, కాలమ్ ఉండవు కాబట్టి మ్యాచర్‌కు చిక్కదు. జాబితా ఖాళీ. నిన్న 8 దోషాలున్న ప్రాజెక్టు ఈ రోజు శుభ్రంగా కనిపిస్తుంది. ఒక్క దోషం కూడా దిద్దలేదు.

రెండోది, నడిపిన పరికరం ఆ పని చేయనిది కావడం. ఈఎస్‌బిల్డ్ టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను చదువుతుంది కాని రకాలను సరిచూడదు. రకాల ప్రకటనలను తీసేసి, మిగిలిన కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా ఇస్తుంది. వీట్ కూడా టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను మార్చి ఇస్తుందే తప్ప రకాలను పరీక్షించదు. ఈ సంగతి దాని పత్రాల్లోనే స్పష్టంగా ఉంది. ఇవి వేగంగా పనిచేయడానికి ఇదొక కారణం. మన బిల్లు ప్రోగ్రామును కేవలం వీట్‌తో బిల్డ్ చేస్తే ఏ ఆటంకమూ లేకుండా పూర్తవుతుంది. పేజీలో బిల్లు 10050 అనే వస్తుంది. అందువల్ల ఇలాంటి ప్రాజెక్టుల్లో టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను ఫైళ్లు తయారుచేయని నోఎమిట్ రూపంలో విడిగా నడిపి, ఆ సందేశాలనే ఎడిటర్‌కు ఇవ్వాలి.

మూడోది, 9.4లో చెప్పినట్లు దోషమున్న ఫైలు తెరిచి లేకపోవడం.

వీటితోపాటు మరో విషయం తెలుసుకోవాలి. దోషాలున్నా ఫైళ్లు తయారు కావచ్చు. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ మామూలు అమరికలో రకాల దోషాలను చెప్పినా జావాస్క్రిప్ట్ ఫైళ్లను రాస్తుంది. దోషముంటే రాయవద్దనుకుంటే నోఎమిట్‌ఆన్‌ఎర్రర్ అనే అమరిక పెట్టాలి. కొత్త ఫైలు వచ్చిందంటే బిల్డ్ సరిగ్గా జరిగిందని అనుకోకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3

అ) వీట్‌తో బిల్డ్ పూర్తయినా రకాల దోషాలు మిగిలిపోవడానికి కారణమేమిటి?
ఆ) కాంపాక్ట్ రూపం తొలగిన తరవాత ప్రాబ్లమ్స్ జాబితా ఎందుకు ఖాళీ అవుతుంది?

9.6 దోషం వేరే చోట కనిపించే సందర్భాలు

కొన్నిసార్లు దోషం జాబితాకు ఎక్కుతుంది కాని చూపించే చోటు సరిగా ఉండదు.

ఫైలు దారి: ఒక ప్రాజెక్టులో అనేక ఉప ప్రాజెక్టులున్నప్పుడు బిల్డ్ లోపలి ఫోల్డర్‌లో నడుస్తుంది. సందేశంలోని దారి ఆ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. ఎడిటర్ దాన్ని పై ఫోల్డర్ నుంచి లెక్కిస్తే ఆ ఫైలు దొరకదు. ఫైల్‌లొకేషన్ అమరికలో సరైన ఫోల్డర్ ఇవ్వాలి.

లెక్క మొదలయ్యే సంఖ్య: టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ కాలమ్‌ను 1 నుంచి లెక్కిస్తుంది. ఈఎస్‌బిల్డ్ 0 నుంచి లెక్కిస్తుంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ లైనునూ, స్థానాన్నీ రెండింటినీ 0 నుంచే లెక్కిస్తుంది. ఈ తేడా చూసుకోకపోతే గీత ఒక స్థానం పక్కకు జరుగుతుంది.

అక్షరాల లెక్క: తెలుగులో రాసిన స్ట్రింగులు ఉన్న ప్రోగ్రాముల్లో ఇది ప్రత్యేకంగా ఎదురవుతుంది. "తెలుగు" అనే మాటలో కంటికి 3 అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ ప్రకారం అక్షరాలు, గుణింతపు గుర్తులు వేరువేరు కాబట్టి యూటీఎఫ్-16 పద్ధతిలో అవి 6 యూనిట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఈఎస్‌బిల్డ్ కాలమ్‌ను బైట్లలో లెక్కిస్తుంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కిస్తుంది, 3.17 వెర్షన్ నుంచి ఏ లెక్క వాడాలో రెండు పక్షాలూ ముందే మాట్లాడుకునే వీలుంది. ఒక లైనులో "తెలుగు" అనే స్ట్రింగ్ తరవాత దోషం ఉంటే, ఈ రెండు లెక్కల మధ్య తేడా 12. ఇంగ్లీషు స్ట్రింగులతో పరీక్షించినప్పుడు సరిగ్గా కనిపించిన గీత, తెలుగు స్ట్రింగ్ రాగానే కుడివైపు జరిగిపోవడానికి కారణమిదే. దోషం మీ తెలుగులో లేదు, లెక్కలో ఉంది.

కట్టగా మారిన కోడ్: ప్రోగ్రాము బ్రౌజర్‌లో నడిచేటప్పుడు వచ్చే దోషం కట్టిన ఫైలులోని లైనును చూపిస్తుంది. మనం రాసిన ఫైలులోని లైను అది కాదు. సోర్స్ మ్యాప్ అనే ఫైలు ఈ రెండింటినీ జతపరుస్తుంది. బిల్డ్ అమరికలో సోర్స్ మ్యాప్‌ను తయారుచేయమని చెప్పాలి.

9.7 అమరికను సరిచూసే విధానం

తూకం వేసేముందు ఖాళీ త్రాసు సమంగా ఉందో లేదో చూసుకుంటాం. ఎడిటర్ అమరికను కూడా అలాగే ముందు పరీక్షించాలి. కింది అభ్యాసాన్ని మీ కంప్యూటర్‌పై చేయండి.

1. ప్రాజెక్టులో తెరిచి లేని ఒక ఫైలును ఎంచుకోండి. సంఖ్య ఉండవలసిన చోట స్ట్రింగ్ పెట్టి సేవ్ చేసి, ఆ ఫైలును మూసేయండి.
2. బిల్డ్ నడపండి. టెర్మినల్‌లో ఎన్ని దోషాలు వచ్చాయో, ప్రాబ్లమ్స్ జాబితాలో ఎన్ని ఉన్నాయో లెక్కించండి. రెండూ సమానంగా ఉండాలి.
3. టెర్మినల్‌లోనే దోషం రాకపోతే, ఆ పరికరం రకాలను సరిచూడడం లేదని అర్థం. టెర్మినల్‌లో వచ్చి జాబితాలో రాకపోతే, మ్యాచర్ సరిపోలేదని అర్థం.
4. జాబితాలోని దోషాన్ని నొక్కండి. సరైన ఫైలు, సరైన మాట దగ్గరికి వెళ్లాలి.
5. అదే ఫైలులో మరో దోషం చేర్చి మళ్లీ బిల్డ్ చేయండి. ఒకే దోషం కనిపిస్తే లూప్ అమరికను చూడండి.
6. దోషమున్న లైనులోనే దానికి ముందు ఒక తెలుగు స్ట్రింగ్ పెట్టి, గీత ఎక్కడ పడుతుందో చూడండి.
7. మీరు పెట్టిన దోషాలన్నీ తీసేసి బిల్డ్ చేయండి. జాబితాలో అవి చెరిగిపోవాలి.

చివరగా, ముగింపు సంకేతాన్ని చూడడం అలవాటు చేసుకోండి. ప్రతి కమాండు ముగిసేటప్పుడు ఒక సంఖ్యను వదిలి వెళుతుంది. 0 అంటే పని సవ్యంగా ముగిసిందని, మరే సంఖ్య అయినా ఏదో విఫలమైందని అర్థం. లినక్స్ టెర్మినల్‌లో ఎకో అని రాసి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, ప్రశ్న గుర్తు కలిపి టైపు చేస్తే ఈ సంఖ్య కనిపిస్తుంది. జాబితా ఖాళీగా ఉండి, ముగింపు సంకేతం 0 కాకపోతే ముందు నమ్మవలసింది ముగింపు సంకేతాన్నే. ఈఎస్‌లింట్ రూపం తొలగిన సందర్భంలో నిజం చెప్పేది కూడా ఇదే. అయితే 0 అనేది కూడా ఆ పరికరం చేసిన పని వరకే చెల్లుతుంది. వీట్ ఇచ్చిన 0 రకాలను పరీక్షించినట్లు కాదు.

9.8 సారాంశం

బిల్డ్ పరికరం దోషాన్ని వాక్యంగా రాస్తుంది. ఎడిటర్ ఆ వాక్యాన్ని నమూనాతో పోల్చి ఫైలు, లైను, కాలమ్, తీవ్రత, సందేశంగా విడగొడుతుంది. విమ్‌లో ఎర్రర్‌ఫార్మాట్, విఎస్ కోడ్‌లో ప్రాబ్లమ్ మ్యాచర్ ఈ పని చేస్తాయి. లాంగ్వేజ్ సర్వర్ టైపు చేస్తుండగానే దోషాలను పంపుతుంది కాని, మామూలుగా తెరిచిన ఫైళ్లకే పరిమితమవుతుంది. సందేశ రూపం మారినా, పరికరం రకాలను సరిచూడకపోయినా జాబితా ఖాళీగా ఉంటుంది. కాబట్టి కావాలని ఒక దోషం పెట్టి, అది కనిపించడాన్ని చూసిన తరవాతే ఖాళీ జాబితాను నమ్మాలి.

9.9 పదకోశం

కాలమ్: లైనులో ఒక మాట మొదలయ్యే స్థానపు సంఖ్య.
ప్రాబ్లమ్ మ్యాచర్: దోష వాక్యాన్ని విడగొట్టి చదివే నమూనాల సముదాయం.
ముగింపు సంకేతం: కమాండు ముగిసేటప్పుడు వదిలే సంఖ్య.
లాంగ్వేజ్ సర్వర్: ఎడిటర్ పక్కన నడుస్తూ కోడ్‌ను పరిశీలించి దోషాలను పంపే ప్రోగ్రాము.
వాచ్ రూపం: ఫైలు మారిన ప్రతిసారీ బిల్డ్ తిరిగి జరిగే విధానం.
సోర్స్ మ్యాప్: కట్టిన కోడ్‌లోని చోటును మనం రాసిన కోడ్‌లోని చోటుతో జతపరిచే ఫైలు.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. అ) ఫైలు, లైను, సందేశం. ఆ) 10050. స్ట్రింగ్‌కు సంఖ్యను కూడినప్పుడు జావాస్క్రిప్ట్ రెండింటినీ అతికిస్తుంది.
2. అ) ఫైలు పేరు ఒక లైనులో, దోషాలు తరవాతి లైన్లలో ఉంటాయి కాబట్టి. ఆ) పాత దోషాలను ఎప్పుడు చెరపాలో, కొత్త జాబితా ఎప్పుడు పూర్తయిందో ఎడిటర్‌కు తెలుస్తుంది.
3. అ) వీట్ టైప్‌స్క్రిప్ట్‌ను జావాస్క్రిప్ట్‌గా మారుస్తుంది కాని రకాలను పరీక్షించదు. ఆ) ఈఎస్‌లింట్ దోషాలను చూపకుండానే ఆగిపోతుంది, అది ఇచ్చే సందేశం మ్యాచర్ నమూనాకు సరిపోదు.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 లైన్లలో సమాధానం రాయండి.
1. బిల్డ్ దోషాలను ఎడిటర్ చదివే పద్ధతిని విఎస్ కోడ్ ఆధారంగా వివరించండి.
2. ఖాళీగా ఉన్న దోషాల జాబితా మనల్ని తప్పుదారి పట్టించే సందర్భాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 లైన్లలో సమాధానం రాయండి.
1. బిల్డ్ మార్గానికీ, లాంగ్వేజ్ సర్వర్ మార్గానికీ తేడాలు రాయండి.
2. తెలుగు స్ట్రింగులున్న లైనులో దోష స్థానం ఎందుకు మారవచ్చో లెక్కతో చూపండి.
3. ముగింపు సంకేతం అంటే ఏమిటి? దాని ఉపయోగం, పరిమితి తెలపండి.